పదిహేను నిమిషాల నీళ్ళ చప్పుడు

పశువుల ఆసుపత్రిలో జంతువులను కదలకుండా పట్టుకోవడమే ఇరవై ఆరేళ్ళుగా అతని ఉద్యోగం. కాగితాల మీద అటెండరు, వచ్చేపోయేవాళ్ళందరికీ కాంపౌండరు. ఈ ఇరవై ఆరేళ్ళలో నలుగురు డాక్టర్లు మారారు గాని, నలుగురూ అతనితో ఎక్కువగా అన్న మాట ఒక్కటే: "పట్టుకో." అందుకని గేటు దగ్గరి వాచ్‌మన్ అతన్ని "ఏం పట్టుకోగారూ" అని పలకరించేవాడు. అతను నవ్వి ఊరుకునేవాడు.

భార్యకు తప్ప ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. అతనికి కుక్కలంటే చచ్చేంత భయం. ఏడేళ్ళ వయసులో పక్కింటి కుక్క పిక్క పట్టుకుని వీధి మలుపు దాకా ఈడ్చింది. తరవాత, అదే ఆసుపత్రిలో పనిచేస్తున్న తండ్రి ఉన్నట్టుండి పోతే ఆ ఉద్యోగం ఇతనికొచ్చింది. వద్దంటే ఇంట్లో పొయ్యి వెలగదు. చేరాడు. భయం పోతుందనుకున్నాడు, పోలేదు. పోకుండా కళ్ళలో చేరింది. కుక్క గేటు దాటి వస్తుంటేనే చెవులు ఎటు తిరిగాయి, కంట్లో తెలుపు ఎంత కనిపిస్తోంది, పెదవి చివర ఎలా బిగిసింది, అన్నీ చూసేవాడు. కరవబోయే కుక్కకి కరుస్తానని తెలియకముందే ఇతనికి తెలిసేది. ఇంత సర్వీసులో అతన్ని కరిచినవి రెండే, రెండూ పిల్లులు.

ఊళ్ళో చిన్న రేడియో స్టేషన్ ఒకటుంది. దాని ఇన్‌చార్జి ముప్పై ఏళ్ళ చురుకైన పిల్ల. ఒకరోజు తన పిల్లిని బుట్టలో పెట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. పది రోజులుగా దిండు తడిపేస్తోందట. డాక్టరు పరీక్షించి రోగమేమీ లేదన్నాడు. బయట బెంచీ మీద బుట్ట మూత బిగిస్తున్న ఆమెను కాంపౌండరు మెల్లగా అడిగాడు, ఇంట్లో కొత్తగా ఏం మార్చారని. ఏమీ మార్చలేదంది. మంచం ఏమైనా జరిపారా అన్నాడు. ఆమె చెయ్యి బుట్ట మీదే ఆగిపోయింది. ఎండ పడుతోందని మంచాన్ని కిటికీకి అడ్డంగా జరిపింది మరి. పిల్లి రోజంతా కూర్చునే కిటికీ అది.

మంచం పాత చోటికి వెళ్ళింది, దిండు ఆరింది. వారం తిరక్కుండా ఆమె మళ్ళీ ఆసుపత్రికి వచ్చింది, ఈసారి పిల్లి లేకుండా. గురువారం సాయంత్రం ఐదింటికి రేడియోలో అరగంట ఖాళీగా ఉందట. పెంపుడు జంతువులు ఎందుకలా చేస్తున్నాయో జనం ఫోన్ చేసి అడిగితే, చెప్పడానికి కాంపౌండరు రావాలట. అతను రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. డాక్టరుగారు ఉండగా నేనేమిటన్నాడు. డాక్టరు లోపలినుంచే విని, జబ్బయితే నేను చెబుతాను, బుద్ధయితే నాకంటే నువ్వే నయం, వెళ్ళు అనేశాడు.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నానికి కూర్చున్నాడు. భార్య అంది, "కుక్కలకి భయపడుతూనే ఇన్నేళ్ళు నెట్టుకొచ్చారు. మైకు కరవదు కదండీ."

"మైకు సంగతి కాదే. నేనిక్కడ ఒక మాటంటాను. ఎక్కడో ఎవరో ఆ మాట నమ్మి కుక్క దగ్గరికి వెళతారు. ఆ కుక్క నాకు కనపడదు కదా."

ఆమె మంచినీళ్ళ గ్లాసు అతని ముందుకు జరిపింది.

స్టేషన్ లైబ్రరీ మేడ మీద రెండు గదులు. ఒక గది గోడలకి బయటి చప్పుడు రాకుండా పాత పరుపులు కొట్టేశారు. మైకు ఆన్ చేస్తే ఫ్యాన్ ఆపాలి, అందుకని లోపల కూర్చున్నవాళ్ళకి ఐదు నిమిషాల్లో చొక్కా వీపుకి అంటుకుపోతుంది. అద్దం అవతల ఇన్‌చార్జి, ఆమె ముందు ఫోన్లు. గోడ మీద చిన్న ఎర్ర బల్బు. అది వెలిగిందంటే ఊరంతా వింటోందని అర్థం. మొదటి మూడు ట్రయల్స్‌లో అతను కోర్టు నోటీసు చదివినట్టు మాట్లాడాడు. నాలుగోసారి ఆ పిల్ల తన పిల్లిని తెచ్చి బల్ల మీద బుట్టలో కూర్చోబెట్టి, దీనికి చెప్పు అన్నయ్యా, మైకుని మర్చిపో అంది. పిల్లిని చూస్తూ మాట్లాడాడు. అప్పుడు గొంతు ఆసుపత్రి బెంచీ దగ్గరి గొంతైంది. ఆ గొంతు జంతువుల కోసం ఏర్పడ్డది, తగ్గు స్థాయిలో, తొందర లేకుండా ఉంటుంది.

కార్యక్రమానికి "తోక ఏమంటోంది" అని పేరు పెట్టారు. స్టేషన్ కమిటీ పెద్దాయన కాగితం మీద మూడు షరతులు రాయించి మైకు ఎదురుగా అంటించాడు. మందుల పేర్లు చెప్పకూడదు. రోగం పేరు ఎత్తకూడదు, డాక్టరు దగ్గరికి వెళ్ళమనాలి. ఫోన్ చేసినవాళ్ళ మాటలకి నవ్వకూడదు. మూడోదే కష్టమవుతుందని ఇన్‌చార్జి అనుకుంది. నిజంగానే మొదటి వారం ఒకాయన ఫోన్ చేసి, తన చిలక అచ్చం తన భార్య గొంతుతో తనని తిడుతోందని, ఏది ఎవరో తెలియక రెండుచోట్లా జవాబు చెప్పుకోవాల్సి వస్తోందని వాపోయాడు. అద్దం అవతల ఆ పిల్ల బల్ల కిందికి వంగిపోయింది. కాంపౌండరు మాత్రం, చిలక ఏ వేళప్పుడు తిడుతోందండీ అని శ్రద్ధగా అడిగాడు.

రెండో వారం ఒక పెద్దావిడ చేసింది. మేడ మీద గదిలో ఒక్కతే ఉంటుందట, బట్టలు కుట్టుకుని బతుకుతుంది. వీధిలో దొరికిన కుక్కపిల్లని తెచ్చుకుంది. అది మంచం కిందినుంచి బయటికి రాదు, పిలిస్తే వణుకుతుంది. ఏం చెయ్యాలని అడిగింది. భయం సంగతి అతనికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? పిలవకండి, దాని వైపు సూటిగా చూడకండి, నేల మీద పక్కకి తిరిగి కూర్చుని చేత్తో ముద్ద పెట్టండి, అదే వస్తుంది అన్నాడు. మంచి జవాబు. స్టేషన్‌లో అందరూ మెచ్చుకున్నారు. బస్సులో కండక్టరు కూడా గొంతు గుర్తుపట్టాడు.

ఏడో వారం ఐదుగంటల పది నిమిషాలకి ఆవిడే మళ్ళీ చేసింది.

"బాబూ, నేను, కుట్టుమిషనామెని. మీరు చెప్పినట్టే చేశాను. ఇప్పుడు నా చేతిలోనే తింటుంది. కాకపోతే నిన్నట్నించి ముద్ద మింగడం లేదు. నోరు తెరుచుకునే ఉంటోంది, సొంగ కారుతోంది. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని వేళ్ళు పెట్టి చూశాను. ఏమీ తగల్లేదు. ఇంకాస్త లోపలికి పెట్టి చూడమంటారా?"

అరుపు ఎలా ఉందమ్మా అని అతను అడిగాడు. బొంగురుపోయింది, పొద్దున్నించి అదీ లేదంది. నడక అని అడిగాడు. వెనక కాళ్ళు తడబడుతున్నాయంది. అతను అద్దంలోంచి చూశాడు. ఇన్‌చార్జి తరవాతి ఫోన్ వివరాలు రాసుకుంటోంది, ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. ఎదురుగా గోడ మీద కాగితం, రెండో షరతు.

"అమ్మా, అది ఇప్పుడెక్కడుంది?"

"ఎక్కడుంటుంది, నా కాళ్ళ దగ్గరే. మిషను కింద పడుకుంది."

తన కాలి పిక్క దానంతటదే బిగుసుకోవడం అతనికి తెలిసింది. గొంతు మాత్రం మారనివ్వలేదు. మారితే ఆవిడ బెదురుతుంది, ఆవిడ బెదిరితే కుక్క బెదురుతుంది. పాదాలు మెల్లగా పక్కకి తియ్యండి, కుర్చీ జరపకండి, లేచి వంటగదిలోకి వెళ్ళి తలుపేసుకోండి అని చెప్పాడు. ఆవిడ నవ్వింది. ఏం బాబూ, కింద పామేమైనా ఉందా అంది. వెళితే దీన్ని కూడా ఎత్తుకునే వెళతాను, పాపం లేవలేకపోతోంది అంది.

"ముట్టుకోకండి. అది రేబిస్ అయి ఉండొచ్చమ్మా. కుక్కకి పిచ్చి. ముట్టుకోకుండా లేవండి."

అద్దం అవతల ఇన్‌చార్జి తల పైకెత్తింది. ఫోన్‌లో ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది. మిషను తొక్కుడు పలక ఒకసారి కిర్రుమంది. తరవాత అడుగులు, చాలా నెమ్మదిగా, ఎన్ని అడుగులో అతను లెక్కపెట్టలేకపోయాడు. గడియ పడిన చప్పుడు.

"వేశాను," అందావిడ. గొంతు పూర్తిగా మారిపోయింది.

ఫోన్ స్పీకర్‌లో పెట్టి అరమీద పెట్టమన్నాడు. కుళాయి తిప్పి, సబ్బు తీసుకుని, చేతులు మోచేతులదాకా కడగమన్నాడు. పదిహేను నిమిషాలు, ఒక్క నిమిషం తగ్గకూడదన్నాడు. ఎక్కడైనా గీసుకుందా అని అడిగాడు.

"సూదులు గుచ్చుకునే వేళ్ళు బాబూ ఇవి. గుచ్చుకోని రోజుంటుందా?"

రేడియోలో నీళ్ళ చప్పుడు మాత్రమే పోతోంది. చేత్తో ముద్ద పెట్టమన్నది తనే. ఐదు వారాల కింద ఇదే కుర్చీలో కూర్చుని, ఇదే గొంతుతో చెప్పాడు. ఆ కుక్కపిల్ల ఏ వీధిలో దొరికింది, ఒంటి మీద గాటేమైనా ఉందా, టీకా వేయించారా, ఒక్క మాట అడగలేదు.

ఇన్‌చార్జి చురుకుతనం అప్పుడు పనికొచ్చింది. ఒక మీట తగ్గించి, ప్రసారంలో పడకుండా ఆవిడ చిరునామా అడిగి రాసుకుంది, మళ్ళీ పెంచింది. ఇంకో ఫోన్‌లో ఆసుపత్రికి డాక్టరు కోసం, అంబులెన్సు కోసం చేసింది. మూడో ఫోన్ మోగుతూనే ఉంది. కమిటీ పెద్దాయన. ఆమె ఎత్తలేదు.

ఆరో నిమిషంలో ఆవిడ అంది, "తలుపు గీకుతోంది బాబూ."

ఆ గీకుడు అతనికీ వినిపించింది, ఊరికీ వినిపించింది. కింద గడియ లేదట, పైదొక్కటేనట. తలుపుకి దూరంగా నిలబడండి, చేతులు నీళ్ళ కిందే ఉంచండి అన్నాడు. తొమ్మిదో నిమిషంలో నీళ్ళ చప్పుడు సన్నబడింది. ట్యాంకు అయిపోయిందంది. పక్కన బకెట్లో పట్టిపెట్టిన నీళ్ళున్నాయి. మగ్గుతో పోసుకోండి, ఒక చేత్తో పోసుకుంటూ ఇంకో చెయ్యి, తరవాత చెయ్యి మార్చండి. మగ్గు బకెట్‌కి తగిలిన ప్రతిసారీ గీకుడు ఎక్కువయ్యేది. అతను నిమిషాలు చెబుతూ పోయాడు. పది అయిందమ్మా. పదకొండు.

పదిహేను అనగానే హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, ఇన్‌చార్జి స్కూటర్ వెనక ఎక్కాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు.

ఆ ఇంటి మెట్ల కింద అప్పటికే అంబులెన్సు, జనం ఉన్నారు. ఎవరి చేతిలోనో రేడియో ఇంకా పాడుతోంది. డాక్టరు తొడుగులు, చివర ఉచ్చున్న ఇనప కర్ర, సూదిమందు తీసుకొచ్చి మెట్ల మీద ఎదురుచూస్తున్నాడు. ఆసుపత్రి సిబ్బంది కాబట్టి ఇద్దరికీ ముందే టీకాలున్నాయి. అయినా తలుపు దగ్గరికి వచ్చేసరికి కాంపౌండరు ఆగిపోయాడు. ఆసుపత్రిలో బల్ల ఎక్కించిన కుక్కని పట్టుకోవడం వేరు. దాని యజమాని ఉంటాడు, గొలుసుంటుంది. తలుపు తోస్తే లోపల ఏమూల ఉందో తెలియని దాన్ని పట్టుకోవడం వేరు. డాక్టరు అతని ముఖం చూశాడు. ఇన్నేళ్ళలో ఎవరూ చూడనిది ఆ క్షణంలో చూసినట్టున్నాడు.

"నేను పట్టుకోనా అన్నా?" అన్నాడు మెల్లగా.

మీకు ఈ కర్ర అలవాటు లేదండీ అని అతనే ముందుకు నడిచాడు.

వంటగది తలుపుకి ఆనుకుని ఉంది అది. ఇంత చేస్తే ఏడెనిమిది నెలల పిల్ల. చప్పుడుకి తిరిగి, వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చింది. మొదటిసారి ఉచ్చు తప్పింది. అది కర్రనే కరిచి పట్టుకుంది. ఇనుము మీద పళ్ళ చప్పుడు అతని మోచేతుల్లోకి ఎక్కింది. రెండోసారి పడింది. అప్పుడే లోపలినుంచి పెద్దావిడ, వచ్చారా బాబూ అంది. ఆ గొంతుకి దాని తోక రెండుసార్లు నేలకి కొట్టుకుంది. డాక్టరు సూదిమందుతో తన పని తను చేశాడు. కర్ర చివర లాగుడు ఆగేదాకా కాంపౌండరు కదల్లేదు.

ఆవిడని అదే అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. గాటు ఉన్న ప్రతి వేలి చుట్టూ మందు ఎక్కించారు. మూడో రోజు ల్యాబ్‌నుంచి రిపోర్టు వచ్చింది. రేబిసే.

అక్కణ్ణించి అతనికి అసలు భయం మొదలైంది. ముందు వచ్చింది కొన్ని నిమిషాల భయం. ఇది నెలల తరబడి ఉండేది. టీకాలు సకాలంలో పడ్డాయి, భయం లేదని పెద్దాసుపత్రి డాక్టర్లు అన్నారు. పశువుల డాక్టరూ అదే అన్నాడు. అతనికి ఆ మాటలు చెవిదాకా వచ్చేవి గాని లోపలికి దిగేవి కావు. వేలి సంగతి ఏమిటి, ముందురోజునుంచే ఆవిడ దాని నోట్లో వేళ్ళు పెట్టింది కదా, నేను పదిహేను నిమిషాలు కడిగించింది తరవాత కదా అని పదే పదే లెక్క వేసుకునేవాడు. ఎక్కడ నీళ్ళు పడుతున్న చప్పుడు విన్నా ఉలిక్కిపడేవాడు. భార్య కుళాయి చిన్నగా తిప్పడం అలవాటు చేసుకుంది. గురువారం స్టేషన్‌కి వెళ్ళలేదు. ఆ తరవాతి గురువారమూ వెళ్ళలేదు. ఇన్‌చార్జి పాత పాటలు వేసి నెట్టుకొచ్చింది.

టీకాకి మాత్రం ప్రతిసారీ పెద్దావిడ వెంట అతనే వెళ్ళాడు. పక్కన బెంచీ మీద కూర్చునేవాడు. నాలుగో టీకా రోజు వరసలో కూర్చుని ఉండగా చెప్పేశాడు. చేత్తో పెట్టమన్నది నేనే కదమ్మా, అప్పుడు అడగవలసినవి అడగలేదు అని. ఆవిడ తన చేతులకేసి చూసుకుంది.

"దాని చెవి వెనక గాటుంది," అంది. "పసుపు రాశాను, మానిపోయింది. మీరు అడగలేదు, నేనూ చెప్పలేదు."

కాసేపటికి, అది నా వేళ్ళని ఎప్పుడూ కరవలేదు, చివరిదాకా కరవలేదు అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ మర్నాడు అతను తనంతట తనే స్టేషన్‌కి వెళ్ళాడు. కార్యక్రమం చేస్తాను గాని, ముందు ఒక మాట చెప్పుకోవాలి అన్నాడు. కమిటీ పెద్దాయన ఒప్పుకోలేదు. తప్పు మనది అని రేడియోలో మనమే చాటుకుంటామా అన్నాడు. ఇన్‌చార్జి ఆయనకి ఎదురు చెప్పలేదు. గురువారం రాగానే ఎర్ర బల్బు వెలిగించి ఊరుకుంది. అతను చెప్పాడు. రెండో వారంలో తను ఇచ్చిన సలహా ఏమిటో, అడగకుండా వదిలేసిన మూడు ప్రశ్నలేమిటో, వాటివల్ల ఒకావిడ ఎంత ప్రమాదంలో పడిందో, పేరు చెప్పకుండా, ఏదీ దాచకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ చొక్కా చివర నలుపుతూనే ఉన్నాడు. ఆ రోజు చిలకల గురించి ఎవరూ ఫోన్ చెయ్యలేదు. తమ కుక్కని వీధి కుక్క కరిచిందని, నెలైందని, ఇప్పుడేం చెయ్యాలని ముగ్గురు చేశారు. సోమవారంనాడు ఆసుపత్రి గేటు బయట టీకాల కోసం వచ్చినవాళ్ళ వరస వీధి మలుపు దాటింది. వాచ్‌మన్ జన్మలో మొదటిసారి లేచి నిలబడి పనిచేశాడు. కమిటీ పెద్దాయన కాగితం మార్చలేదు గాని, రెండో షరతు దగ్గర ఎవరో పెన్సిల్‌తో అడ్డంగా గీత గీస్తే చూసీ చూడనట్టు పోయాడు.

కార్యక్రమం ఆగలేదు. ఇప్పుడు ఎవరు చేసినా అతను ముందు మూడు ప్రశ్నలు వేస్తాడు. పిల్లి సోఫా గీకుతోందన్నా సరే, ఎక్కడినుంచి తెచ్చారు, గాయాలేమైనా ఉన్నాయా, టీకా పడిందా అంటాడు. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనిస్తాడు.

ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం పెద్దావిడ ఆసుపత్రికి వచ్చింది. చేతిలో గుడ్డ సంచి తప్ప ఏ జంతువూ లేదు. ఇక ఏ భయమూ పెట్టుకోవద్దని పెద్దాసుపత్రిలో చెప్పారట, ఆ మాట చెప్పి వెళదామని వచ్చిందట. మళ్ళీ కుక్కని పెంచుతారా అని అతను అడగలేదు, ఆవిడా ఆ ప్రస్తావన తేలేదు. సంచిలోంచి కొలత టేపు తీసి, చెయ్యి చాపమంది. డేరా గుడ్డ రెండు మడతలు వేసి భుజందాకా వచ్చే తొడుగులు కుడతానంది, జంతువుల్ని పట్టుకునేటప్పుడు వేసుకోవడానికి.

అతను చెయ్యి చాపాడు. లోపల గదిలో ఏదో కుక్క మొరిగింది. చాపిన చెయ్యి కొద్దిగా కదిలింది. ఆవిడ టేపు పట్టుకుని ఆగింది.

"ఇంకా భయమేనా బాబూ?"

"భయమేనమ్మా."

"నాకూను," అంది. భుజంనుంచి మణికట్టుదాకా కొలిచి, కాగితం మీద అంకె రాసుకుని, రెండో చెయ్యి చాపమంది.